నిశ్శబ్దంగారి గోడలు

ఆ ఇంటి పెద్దాయనకు లోకంలో ఒక్కటే శత్రువు: ఒక గదిలో పుట్టి ఇంకో గదిలోకి అడుగుపెట్టే చప్పుడు. పుట్టిన గదిలోనే పెరిగి, అక్కడే ప్రాణం విడిచే చప్పుడుతో ఆయనకు ఏ పేచీ లేదు. గడప దాటిందా, ఇక దాని అంతు చూసేదాకా ఆయనకు అన్నం సయించదు. వీధిలో వాళ్ళు ఆయన్ని చాటున నిశ్శబ్దంగారు అనేవారు. కొన్నాళ్ళకు ఎదురుగానే అనటం మొదలుపెట్టారు. అలా పిలిస్తే బిరుదు ఇచ్చినంత సంతోషంగా ఆయన తల పంకించేవారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన సినిమా హాల్లో ఆపరేటరు. బొమ్మ వేసే మిషను మోత హాల్లో కూర్చున్నవాళ్ళకు వినపడకూడదు, హాల్లో మోత బయట టీ తాగేవాళ్ళకు వినపడకూడదు. జీవితమంతా ఇదే ధ్యాస. చివరికి హాలు మూతపడిన రోజున యజమాని "మీకేం కావాలో పట్టుకెళ్ళండయ్యా" అన్నాడు. మిగిలినవాళ్ళు ఫ్యాన్లు, కుర్చీలు, క్యాంటీన్‌లో గాజుసామాను ఎత్తుకుపోయారు. ఈయన గోడలకు కొట్టిన కొబ్బరిపీచు పలకలూ, తలుపులకు వేలాడే మెరూన్ రంగు దళసరి తెరలూ ఊడదీసి లారీలో వేసుకుని ఇంటికొచ్చారు. పక్కన కూర్చోవటానికి డ్రైవరు చోటిచ్చినా వద్దని, దారిపొడవునా ఆ తెరల మీదే కూర్చున్నారు.

"ఇవేం చేసుకుంటామండీ?" అని ఆయన భార్య లారీ ముందు నిలబడి తల పట్టుకుంది.

"ఉండనీవే. ఎప్పుడో పనికొస్తాయి."

అవి మేడమీద గదిలో పడి దుమ్ము తిన్నాయి. పని పడింది మాత్రం కొడుక్కి పెళ్ళయి, ఇంట్లోకి కోడలు వచ్చాకే.

ఆ కోడలికి ఒక నవ్వు ఉండేది. ఉండేది అని రాయవలసి రావటమే ఈ సంగతిలో నాకున్న బాధ. మామూలుగా మనుషులు నవ్వుతారు. ఆమెకు నవ్వు వచ్చేది, తుమ్ము వచ్చినట్టు. ముందు ఎక్కిలి లాంటి చిన్న కూత. తర్వాత ఊపిరి అందక కాసేపు ఏమీ ఉండదు. కొత్తవాళ్ళు కంగారుపడి మంచినీళ్ళకు పరిగెత్తేది ఇప్పుడే. ఆ తర్వాత మెట్లెక్కుతూ ఎక్కుతూ, ఇంటి పైకప్పు లేచిపోయేంత నవ్వు. చివర్లో కళ్ళు తుడుచుకుంటూ "ఇక చాలమ్మా, ఇక చాలు" అని తనకు తానే నచ్చజెప్పుకునేది. పుట్టింట్లో ఆ "ఇక చాలు" వినపడితే పక్కింటివాళ్ళు హమ్మయ్య అని మళ్ళీ పనుల్లో పడేవారు.

పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం గదిలో భర్త ఆమెకు దుకాణం కబుర్లు చెబుతున్నాడు. అతనిది కళ్ళద్దాల దుకాణం. ఆ పొద్దున ఒకాయన అద్దాలు నెత్తిమీద పెట్టుకుని, అద్దాలు పోయాయి కొత్తవి చేసిపెట్టమని వచ్చాడట. చూపు పరీక్ష చేసే మిషను ముందు తల వంచేసరికి అవి జారి ముక్కుమీద కూర్చున్నాయట.

"అప్పుడేమన్నాడో తెలుసా? 'అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందండీ, ఈ మిషనే ఇచ్చేయండి, ఇంటికి పట్టుకుపోతా' అన్నాడు!"

కోడలికి కూత వచ్చింది. తర్వాత మిగిలినదంతా వచ్చింది.

అదే సమయానికి పక్కనున్న హాల్లో మావగారి అక్కగారు కాఫీ తాగుతున్నారు. ఆవిడంటే ఆ ఇంట్లో పిల్లి కూడా సర్దుకుని కూర్చుంటుంది. గదికీ హాలుకీ మధ్య గోడ ఒంటి ఇటుక గోడ. ఇటు నవ్వు అటు వెళ్ళినంత సుళువుగా అటు మాట ఇటు వచ్చింది.

"ఏరా తమ్ముడూ, ఏమిట్రా ఆ నవ్వు? వీధి చివరిదాకా వినపడుతోంది. కొత్తకోడలు ఇలా నవ్వితే నలుగురూ ఏమనుకుంటారు? కాస్త చూసుకోవద్దూ?"

కోడలు నవ్వు మధ్యలో ఆగిపోయింది. మావగారు ఏమంటారా అని చెవి గోడ వైపు పెట్టింది. ఆయన గొంతు కూడా ఆ గోడలోంచే వచ్చింది.

"చూస్తాను," అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్నే ఆయన మేడమీది పలకలు దింపించి, నోట్లో మేకులు పెట్టుకుని, సుత్తితో ఆమె గది గోడ ముందు ప్రత్యక్షమయ్యారు.

"ఏంటి మావయ్యగారూ ఇది?" అని అడిగింది కోడలు.

"చప్పుడు వెళుతోందమ్మా," అన్నారాయన మేకుల మధ్యనుంచి.

ఆమెకు ఇంకేం అడగాలనిపించలేదు. తన నవ్వును ఆపడానికి మావగారు గోడకు మేకులు కొడుతుంటే, అత్తగారు పక్కన నిలబడి మేకులు అందిస్తుంటే, ఇంక తెలుసుకోవడానికి ఏముంది? ఆ రోజునుంచి నవ్వు వస్తే పెదవి పంటికింద పెట్టుకోవటం అలవాటు చేసుకుంది. కూత గొంతులోనే ఉండిపోయేది. భర్త దుకాణం కబుర్లు ఇంకా చెప్పేవాడు; ఆమె కళ్ళతో నవ్వి "పాపం" అనేది. కొన్నాళ్ళకు అతను కబుర్లు తగ్గించేశాడు.

మావగారు మాత్రం తగ్గలేదు. ఒక్క గోడతో సరిపోతుందనుకుంటే, చప్పుడు తలుపు కిందనుంచి వెళుతోందని కనిపెట్టారు.

"శబ్దానికి తలుపు అక్కర్లేదే. దానికి వేలు దూరే సందు చాలు," అని భార్యకు పాఠం చెప్పి, పాత చీరతో గొట్టం కుట్టించి, అందులో ఇసుక నింపి తలుపు కింద పడుకోబెట్టారు. ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన దాన్ని చూసి పామనుకుని మంచమెక్కాడు. తర్వాత తలుపు అంచులకు రబ్బరు పట్టీలు వచ్చాయి. తలుపు మూస్తే సీసాకు బిరడా పెట్టినట్టు బిగుసుకునేది. తెరవాలంటే లోపల ఒకరు తోయాలి, బయట ఒకరు లాగాలి. ఒంటరిగా గదిలోకి వెళ్ళినవాళ్ళు ఎవరో ఒకరు అటువైపు వచ్చేదాకా అక్కడే కూర్చునేవారు.

ఆ పైన స్విచ్చిబోర్డు మీద ఆయన కన్ను పడింది. గోడకు ఇటు ఒక బోర్డు, సరిగ్గా దాని వెనకే అటు ఒక బోర్డు. రెండిటి మధ్యా గోడ తొలిచి ఉంది. చప్పుడు అందులోంచి దర్జాగా నడిచి వెళుతోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గదిలో బోర్డును ఇంకో గోడకు మార్పించారు. ఆ గోడకు బీరువా ఉందన్న సంగతి పనంతా అయ్యాక గుర్తొచ్చింది. బీరువా జరపటానికి చోటు లేదు, ఎందుకంటే పలకల మీద చెక్క, చెక్క మీద ఇంకో వరుస పలకలు వేసేసరికి గది జానెడు తగ్గిపోయింది. చివరికి బీరువా వెనక రేకు కోశారు. అప్పటినుంచి ఆ గదిలో దీపం ఆర్పాలంటే బీరువా తెరిచి, చీరల మధ్యనుంచి చెయ్యి పెట్టి వెతుక్కోవాలి.

పక్కింటాయన ఒకసారి సలహా ఇవ్వబోయాడు. "గుడ్ల అట్టలు గోడకి కొట్టండి గురువుగారూ. చౌకలో పోతుంది."

ఆయన మొహం చూసి జాలిపడ్డారు మావగారు. "అట్టలు కొడితే గది లోపల మోగటం తగ్గుతుందయ్యా. గోడ దాటేదాన్ని అవి ఆపవు. దానికి బరువుండాలి. నువ్వెప్పుడైనా బరువైన గుడ్డు చూశావా?"

పక్కింటాయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకూ కాలేదు.

గోడ ఎంత బాగా పనిచేస్తోందో పరీక్షించటం ఆయనకు ఇంకో వేడుక. గదిలో రేడియో పెట్టి, తలుపు మూసి, ఇవతలినుంచి గోడకు స్టీలు గ్లాసు ఆనించి, దానికి చెవి పెట్టి వినేవారు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళది మరీ మెత్తని గొంతు, నమ్మటానికి లేదని రెండో పద్ధతి పెట్టారు. దానికి అత్తగారు కావాలి. ఆయన గదిలోకి పోయి తలుపు బిగించుకుని గొంతు చించుకునేవారు.

"వినపడుతోందా?"

"లేదండీ!" అని అత్తగారు హాల్లోంచి కేకపెట్టేవారు.

ఆయన దిగులుగా బయటికి వచ్చేవారు. "వినపడకపోతే లేదని ఎలా చెప్పావే?"

"మీరు అడిగారు కదండీ."

"నేను అడిగింది నీకెలా తెలిసింది?"

"వినపడింది కదండీ."

మళ్ళీ సుత్తి, మళ్ళీ మేకులు. ఈ తంతు చాలాసార్లు జరిగాక అత్తగారికి తెలివొచ్చి, లోపలినుంచి ఎంత అరిచినా నోరు విప్పకుండా కూర్చోవటం నేర్చుకున్నారు. ఆ రోజు మావగారు యుద్ధం గెలిచినవాడిలా బయటికి వచ్చి, ఆవిడకు స్వయంగా కాఫీ పెట్టి ఇచ్చారు. ఆ గెలుపులో గోడ వాటా ఎంతో అత్తగారి వాటా ఎంతో ఆవిడకు ఒక్కరికే తెలుసు.

కుర్చీల కాళ్ళకు మేజోళ్ళు తొడిగారు. మిక్సీ కింద కొబ్బరిపీచు పలక ముక్క పెట్టారు. వంటింటి తలుపుకు మెరూన్ తెర కట్టారు. దాంతో కుక్కర్ కూతలు హాల్లోకి రావటం మానేసి, పప్పు మాడిపోవటం మొదలైంది. అప్పుడు మావగారు తనే వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని, కుక్కర్ కూసినప్పుడల్లా హాల్లోకి వచ్చి "కూసింది" అని చెప్పి వెళ్ళేవారు. కాలింగ్ బెల్లు మోగితే వెనక గదుల్లోకి పోయి "బెల్లు మోగింది" అనేవారు. ఫోను మోగితే "ఫోను" అనేవారు. ఇంట్లో చప్పుళ్ళన్నిటినీ ఉద్యోగం మాన్పించి, వాటి పని మొత్తం ఆయన నెత్తిన వేసుకున్నారు.

ఆయన బజారుకు వెళ్ళిన ఒక రోజున అక్కగారు వచ్చి, బెల్లు నొక్కి నొక్కి, తలుపు బాది బాది, ఎవరికీ వినపడక, చేతిసంచీతో సహా వెనక్కి వెళ్ళిపోయారు. ఆవిడ నెలంతా మాట్లాడలేదు. ఇంట్లో అందరూ నొచ్చుకున్నారు. మావగారు మాత్రం ఆ నెలంతా కూనిరాగం తీస్తూ తిరిగారు. చప్పుడు ఆపే గోడ కనిపెట్టిన మనిషి సొంత అక్క కోపాన్ని కూడా పట్టించుకోడు కాబోలు అనుకుంది కోడలు.

కోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసేది. మొదట్లో ఆమె తన నవ్వును అక్కడ ఖర్చుపెట్టేది. పన్ను పీకించుకోవటానికి వచ్చి వణుకుతున్నవాళ్ళు ఆ నవ్వు విని, ఇక్కడ మనుషులు బతికే ఉన్నారన్నమాట అని కాస్త ధైర్యం తెచ్చుకునేవారు. కానీ ఇంట్లో పెదవి బిగబట్టి, ఆఫీసులో వదిలిపెట్టటం ఎన్నాళ్ళు కుదురుతుంది? వాడకపోతే నవ్వు కూడా తుప్పు పడుతుంది. మెల్లిగా అక్కడా తగ్గిపోయింది.

"ఏమ్మా, ఈమధ్య నవ్వటం మానేశావు? పేషెంట్లు మళ్ళీ భయపడుతున్నారు," అన్నాడు డాక్టరు ఒకసారి.

"నవ్వుతూనే ఉన్నాను సార్," అంది ఆమె. ఆమె అలాగే అనుకుంది కూడా.

నవ్వు పోయిందన్న బాధ ఆమెకు పెద్దగా ఉండేది కాదు. కొన్ని పోతాయి, అలవాటైపోతుంది. ఆమెను కుదిపేసింది కూతురు. రెండో తరగతి చదువుతున్న చిట్టి ఒక ఆదివారం బొమ్మల పుస్తకం చూస్తూ, ఏదో పేజీ దగ్గర ఒక్కసారి లేచి, మంచం మీదికి పరిగెత్తి, దిండులో మొహం దాచుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ పడుకుంది.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నావ్?" అని తల్లి కంగారుగా దగ్గరికి వెళ్ళింది.

చిట్టి మొహం ఎత్తింది. ఏడవటం లేదు. "నవ్వొచ్చిందమ్మా," అంది గుసగుసగా. "అయిపోయింది."

ఆ సాయంత్రమే ఆమె భర్తతో తెగేసి చెప్పింది. "మనం వేరే ఇల్లు చూసుకుందాం. నా సంగతి వదిలేయండి. అది దిండులో నవ్వుకుంటోంది. దాని నవ్వు కూడా ఈ గోడలకు బలిపెట్టలేను."

తండ్రికి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంది? దుకాణానికి దగ్గరగా ఉంటే బాగుంటుందని వంక చెప్పాడు. మావగారు వేపుడు ముక్క నములుతూ విన్నారు. నమలటం కాస్త నెమ్మదించింది. అంతకంటే ఏమీ కనపడలేదు.

"మంచిదే," అన్నారు. "ఇల్లు చూడ్డానికి నేనూ వస్తా. గోడలు చూసేవాడు ఒకడుండాలి కదా."

కోడలికి కడుపు మండిపోయింది. జైల్లోంచి పారిపోతూ జైలరును వెంటబెట్టుకుని వెళ్ళటం ఎక్కడైనా ఉందా? కానీ వద్దని ఎవరంటారు? ఏ ఇంటికి వెళ్ళినా ఆయన వంటిల్లు చూడరు, కుళాయి తిప్పరు, కిటికీలోంచి గాలి వస్తోందో లేదో అడగరు. నేరుగా పడకగదిలోకి పోయి గోడను వేలితో తట్టి, "అట్ట," అనేవారు. లేకపోతే "అప్పడం," అనేవారు. ఇంటి ఓనర్లు మొహాలు మాడ్చుకునేవారు. అలా మంచి మంచి ఇళ్ళన్నీ పోయాయి. ఈసారి ఆయన గోడ దగ్గరికి వెళితే మొహమాటం లేకుండా చెప్పేయాలని కోడలు మనసులో మాటలు సిద్ధం చేసుకుంది: మావయ్యగారూ, దయచేసి ఈ ఇంటి గోడల జోలికి రాకండి. మమ్మల్ని బతకనివ్వండి.

తర్వాతి ఆదివారం చూసిన ఇల్లు అందరికీ నచ్చింది. రెండు పడకగదులు పక్కపక్కనే, ముందు హాలు, వెలుతురు బాగా ఉంది. ఇంటి ఓనరు నెమ్మదస్థుడు. మావగారు గోడ తట్టారు. ఏమీ అనలేదు. కొడుకును పక్కకు పిలిచి, "అమ్మాయినీ చిట్టినీ మేడమీదికి తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు చూపించి తీసుకురా. కాస్త నిదానంగా రండి," అన్నారు.

మేడమీద ఎండ మండిపోతోంది. చిట్టికి దాహం వేసింది. భర్త ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూస్తుంటే కోడలు పిల్లను తీసుకుని కిందికి దిగింది. పడకగది తలుపు మూసి ఉంది. హాల్లో అత్తగారు గోడకు స్టీలు గ్లాసు ఆనించి, దానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ పక్కన ఇంటి ఓనరు ఏం జరుగుతోందో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కోడలు సిద్ధం చేసుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. అప్పుడు గోడ అవతలినుంచి ఎక్కిలి లాంటి ఒక కూత వినపడింది.

తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మెట్లెక్కుతూ, ఎక్కుతూ, ముసలి గొంతు పగిలిపోయేలా ఒక నవ్వు.

ఓనరు ఒక అడుగు వెనక్కి వేశాడు. చిట్టి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, తాతయ్య ఎందుకలా అరుస్తున్నాడు?"

గోడ అవతల నవ్వు దిగివచ్చింది. "ఇక చాలమ్మా," అంటున్నారు మావగారు రొప్పుతూ. "ఇక చాలు."

"అరవటం కాదే," అంది కోడలు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "అది నా నవ్వు."

కన్నకూతురు తన నవ్వును గుర్తుపట్టలేదు. మావగారు దాన్ని అక్షరం పొల్లుపోకుండా దాచుకున్నారు. ఈ రెండు సంగతులూ ఒకేసారి తెలిస్తే మనిషి ఎటు చూడాలి? ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు గ్లాసు కొంగులో దాచుకుంటున్నారు.

"వచ్చేశావా! మేడమీద ఉంచమన్నారు కదే నిన్ను!"

"అత్తయ్యా, మావయ్యగారికి నా నవ్వెలా వచ్చు?"

"రాకేం? మీరిద్దరూ ఇంట్లో లేనప్పుడల్లా ఇదే పని. నీ గదిలో ఆయన నవ్వటం, హాల్లో నేను వినటం. ముందు నన్నే నవ్వమన్నారు. నాకు ఆ మొదటి కూత పలకలేదు. కోప్పడి, తనే నేర్చుకున్నారు."

"ఎందుకు?"

"ఎందుకేమిటే? ఆ రోజు మా ఆడపడుచు నీ నవ్వును ఆ మాటన్నది కదా. ఆవిడకు ఎదురు చెప్పటం ఈయన వల్ల ఎప్పుడైంది? నిక్కర్లేసుకున్నప్పటినుంచీ ఆవిడంటే వణుకే. 'అక్క నోరు నేను మూయించలేను. ఆ పిల్ల నవ్వు ఆగకూడదు. నా చేతిలో ఉన్నది గోడ ఒక్కటే' అన్నారు. ఇటు నవ్వు అటు పోకూడదు, అటు మాట ఇటు రాకూడదు. ఆ మేకులన్నీ దానికోసమే."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"చెబుతానంటే ఒట్టు వేయించుకున్నారు. నీ నవ్వు గురించి ఇంట్లో మాట్లాడుకున్నామని తెలిస్తే నువ్వు సిగ్గుపడి నవ్వటం మానేస్తావని ఆయన భయం." అత్తగారు కోడలి మొహం చూసి ఆగిపోయారు. చూస్తూ చూస్తూ ఆవిడ మొహం పాలిపోయింది. "నువ్వు నవ్వుతూనే ఉన్నావు కదే? లోపల?"

దుకాణం కబుర్లన్నిటికీ తను "పాపం" అన్న సాయంత్రాలు కోడలికి గుర్తొస్తున్నాయి. ఆయన ఒక్కమాట చెప్పలేదు. తను ఒక్కమాట అడగలేదు. ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటొకరు ఇటొకరు, ఒకరినొకరు నొప్పించకూడదని ఎంత జాగ్రత్తపడ్డారో! ఆ జాగ్రత్తలో ఇన్నేళ్ళు ఊరికే పోయాయి. ఎవరిమీద కోప్పడాలో తెలియక ఆమెకు ఏడుపొచ్చింది.

తలుపు తెరుచుకుంది. మావగారు నుదుటి చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చారు. "ఎంత వినపడిందే? మొత్తం వినపడిందా?" అంటూనే కోడల్ని చూసి, గతుక్కుమని, దగ్గటం మొదలుపెట్టారు. "గొంతులో కిచ్‌కిచ్‌గా ఉంటే సవరించుకుంటున్నానమ్మా."

"సవరించుకుంటూ 'ఇక చాలమ్మా' అన్నారా మావయ్యగారూ?"

ఆయన భార్య వైపు చూశారు. అత్తగారు పైకప్పు వైపు చూశారు.

"సరే, తెలిసిపోయింది," అన్నారు మావగారు. కాసేపు సిగ్గుపడ్డారు. అంతలోనే సిగ్గు ఎటో పోయి, పనిమంతుడి గర్వం ఒకటి మొహంమీదికి వచ్చింది. "తెలిసింది గనక అడుగుతున్నా, నిజం చెప్పు. ఇన్నేళ్ళు ఆ గదిలో నవ్వావు. హాల్లోకి ఒక్క ముక్క వచ్చిందా? మా అక్క ఎన్నిసార్లు వచ్చి కూర్చుంది, చెవులు రిక్కించుకుని! ఒక్కనాడైనా ఒక్కమాట అనగలిగిందా? అదమ్మా గోడంటే!"

అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకున్నారు, చెప్పకు అన్నట్టు. ఆవిడ పట్టుకోకపోయినా కోడలు చెప్పేది కాదు.

"లేదు మావయ్యగారూ," అంది. "ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు."

"వస్తే కదా!" అని ఆయన పొంగిపోయారు. ఆ పొంగు ఎక్కువసేపు నిలవలేదు. కిటికీ గట్టుమీద కూలబడి గోడ వైపు చూస్తూ అన్నారు: "అదే నా దిగులు కూడాను. వెధవ గోడ, మా అక్కకీ నాకూ తేడా తెలియలేదు దానికి. ఇద్దరికీ కలిపి ఆపేసింది. నా కుర్చీ వైపు చిన్న సందు ఒకటి ఉంచుకోవాల్సింది. అప్పుడు తట్టలేదు. సాయంత్రాలు అక్కడే కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నవ్వుతూ ఉంటుందిలే అనుకునేవాణ్ణి."

ఇంతలో మేడమీదనుంచి భర్త దిగివచ్చాడు. హాల్లో అందరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఓనరు ఇదే అదనుగా అతని పక్కకు చేరి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమండీ, ఈ పెద్దాయన కూడా మీతోనే ఉంటారా?"

"లేదండీ. అప్పుడప్పుడూ వచ్చి వెళతారు."

"వచ్చినప్పుడల్లా ఇలా ఆడగొంతుతో నవ్వుతారా?"

తగ్గించిన గొంతు ఆ గోడల మధ్య అందరికీ వినపడింది. మావగారు నొచ్చుకుంటూ లేచారు. "నేనెందుకు నవ్వుతానయ్యా! నేను నవ్వే మనిషిలా కనపడుతున్నానా?"

కోడలి పెదవి పంటికిందికి వెళ్ళబోయింది. వెళ్ళలేదు. తుప్పుపట్టిన కూత ఒకటి, సగం కూత, బయటపడింది. తర్వాత ఏమీ లేదు. ఓనరు మంచినీళ్ళకు పరిగెత్తాడు. ఆ తర్వాత వచ్చింది, ఒక్కో మెట్టూ తడుముకుంటూ, మధ్యలో ఒకచోట తడబడి, మళ్ళీ లేచి, పైదాకా. ఆమె గోడకు చేరగిలబడి, ఏడుస్తున్నట్టూ నవ్వుతున్నట్టూ ఊగిపోయింది. చిట్టి నోరు తెరుచుకుని తల్లిని చూసింది. దాని చెయ్యి నోటికి అడ్డం వెళుతూ వెళుతూ దారి మరిచిపోయింది. అప్పుడు ఆ పిల్ల నవ్వింది. ముందు ఒక చిన్న కూత.

మావగారు కళ్ళు మూసుకుని, నిలబడ్డచోటే కదలకుండా విన్నారు. అంతా అయ్యేదాకా కళ్ళు తెరవలేదు.

"నాన్నా," అన్నాడు కొడుకు. "ఇంక ఈ ఇల్లెందుకు? మనింటికే వెళ్ళిపోదాం."

"అక్కడేముందిరా?" అన్నారు మావగారు చిరాగ్గా. "అక్కడ నాకేం వినపడుతుంది? ఆ మేకులు పీకటం నా తరం కాదు, అంత గట్టిగా కొట్టాను. ఇదే బాగుంది."

ఓనరు నీళ్ళగ్లాసుతో వచ్చి, భయంభయంగా అడిగాడు. "గోడలెలా ఉన్నాయండీ?"

"ఘోరంగా ఉన్నాయి. కాగితం," అన్నారు మావగారు. కోడలి వైపు తిరిగారు. "మేం వస్తే మమ్మల్ని ఏ గదిలో పడుకోబెడతావమ్మా?"

"మా గది పక్కదాంట్లోనే మావయ్యగారూ."

"అయితే ఈ గోడను ముట్టుకోను. ఖాయం చేసేయండి."

అత్తగారు ఊరుకోలేదు. "ఖాయం సరేనండీ. మీ అక్కగారు కూడా వస్తారు కదా, కొత్తిల్లు చూడ్డానికి. వచ్చి ఈ హాల్లోనే కూర్చుంటారు."

మావగారు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. గోడ చూశారు, మనవరాలిని చూశారు. నిక్కర్లనాటి వణుకు ఒకసారి వచ్చి వెళ్ళినట్టుంది.

"వస్తే రానీవే," అన్నారు. "విననీ."